దోమ కడుపులో సాక్ష్యం

“కేసుకి తాళం పడిపోయింది పిన్నిగారూ! ఇంక మీరు ఇంటికెళ్ళి కాళ్ళు బారజాపుకుని పడుకోండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, వేలికి తగిలించుకున్న తాళంచెవుల గుత్తిని గలగలలాడిస్తూ.

“నువ్వు వేసిన తాళాల్లో సగం తీసింది నేనే కదా నాయనా! ఇదొక్కటీ తీసేసి పడుకుంటాలే,” అంది పిన్ని, ఆయన్ని దాటుకుని పరిశోధన కేంద్రం వరండాలోకి నడుస్తూ.

డిపార్టుమెంటులో ఆయన్ని ‘తాళం’ అంటారు. ఎంత చిక్కుముడి కేసైనా సరే, ఎవరో ఒకర్ని చటుక్కున లోపలేసి, తాళం పడిన చప్పుడు విని తనే మురిసిపోతాడు. అలాగని చెడ్డవాడు కాదు పాపం. లంచం ముట్టడు, అబద్ధమాడడు. తొందరే ఆయన జబ్బు.

పిన్ని దొంగల్ని పట్టీ పట్టీ జుట్టు నెరిసిన డిటెక్టివ్. ఆవిడ అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో! అక్క కూతురు పిచ్చుక చిన్నప్పుడు వీధి చివరికి వినపడేట్టు “పిన్నీ, పిన్నీ” అని పిలిచేది. ఆ పిలుపు ముందు ఇరుగుపొరుగుకి అంటుకుంది, తర్వాత పోలీసులకి అంటుకుంది, ఇప్పుడు జడ్జిగారు కూడా నోరుజారి “పిన్నిగారి వాంగ్మూలం” అనేస్తారు.

ఆ పిచ్చుకే నిన్న సాయంత్రం నుంచీ లాకప్పులో ఉంది.

జరిగింది ఇదీ. దోమలు మోసుకొచ్చే జ్వరాల మీద పరిశోధన చేసే కేంద్రం అది. పిచ్చుక అక్కడ దోమల్ని పెంచే ఉద్యోగం చేస్తోంది. పిల్లల్ని పెంచినట్టు పెంచుతుంది: గుడ్లు పొదిగించడం, తీపినీళ్ళలో ముంచిన దూది పెట్టడం, రక్తం తాగించడం. ఆ కేంద్రానికి పెద్దదిక్కు పెద్దసారు. ఆయన నిన్న పొద్దున తన గదిలోనే కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చిగుళ్ళ నుంచి రక్తం. ఇప్పుడు ఆస్పత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఆయన బల్ల మీద ఒక చచ్చిన దోమ దొరికింది. దాన్ని పరీక్షిస్తే అందులో ఆ జ్వరం వైరసే ఉంది. కిందటి నెలలో పెద్దసారు పిచ్చుకని అందరి ముందూ నిలబెట్టి చెడామడా తిట్టాడు కూడా. ఇంకేం కావాలి? తాళంగారికి రెండూ రెండూ నాలుగు. తిట్లు తిన్న పిల్ల కక్షతో రోగమున్న దోమని తెచ్చి పెద్దసారు గదిలో వదిలింది!

సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. అక్కడి నుంచి జైలుకి. పెద్దసారుకి ఏమన్నా అయిందంటే హత్యానేరం. అక్కకి ఏం సమాధానం చెప్పాలో తెలియక పిన్ని పొద్దున్నే ఇక్కడికొచ్చి పడింది.

“సొంత అక్క కూతురు. మీకు కళ్ళు మూసుకుపోయుంటాయి,” అన్నాడు తాళం వెనకే వస్తూ.

“కళ్ళు మూసుకుపోయినా ముక్కుంది, చెవులున్నాయి. నీకు ఆ తాళంచెవుల మోతలో అవి కూడా పోయాయి. పద పద, దోమల గది ఎక్కడ?”

దోమల గదికి రెండు తలుపులు. ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. మధ్యలో పెద్ద ఫ్యాను, ఏ దోమ బయటికి ఎగరబోయినా వెనక్కి నెట్టేస్తుంది. లోపల దోమతెర పంజరాలు వరసగా ఉన్నాయి. రోగం పెట్టిన దోమల పంజరానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. అన్నీ చూపించింది కళ్ళజోడు డాక్టరమ్మ. వైరస్ పరీక్షలన్నీ ఆవిడ చేతిమీదుగానే జరుగుతాయి. సెలవు నుంచి నిన్ననే తిరిగొచ్చింది. వచ్చీరాగానే ఈ గొడవ.

“వీటికి రక్తం ఎక్కణ్ణించి తెస్తారమ్మా?” అడిగింది పిన్ని.

“గొర్రె రక్తం పిన్నీ. వెచ్చచేసి సన్నటి పొర కింద పోస్తాం. దోమలు అది చర్మమనుకుని కుట్టి తాగుతాయి. వైరస్ పెట్టాలన్నా ఆ గొర్రె రక్తంలో కలిపే పెడతాం. మనిషి రక్తం ఈ గదిలోకి రాదు.”

పిన్ని ఆ మాటని కొంగున ముడేసుకుంది.

“సరే. పెద్దసారు బల్ల మీద దొరికిన దోమని ఎలా పరీక్షించారు?”

డాక్టరమ్మ తాళం వైపు ఓరగా చూసింది. “వీరు నెత్తిన నిలబడి తొందరపెట్టారు. పొట్ట ఒక్కటే రుబ్బి చూశాను. వైరస్ ఉందని రాసిచ్చాను. అలవాటు కొద్దీ తల, రొమ్ము ముందే విడదీసి గడ్డకట్టించి దాచాను.”

“అంటే తల ఇంకా ఉందా?” పిన్ని కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరిశాయి.

“ఉంది.”

“అయ్యో, ఎంత మంచి అలవాటమ్మా నీది! దోమ మనల్ని పొట్టతో కుడుతుందా, మూతితో కుడుతుందా?”

తాళం పకపకా నవ్వాడు. “ఇదేం ప్రశ్న పిన్నిగారూ! ఒకటో తరగతి పిల్లాణ్ణి అడగండి.”

“ఒకటో తరగతి పిల్లాడికి తెలిసిన సంగతి నీ రిపోర్టులో లేదు నాయనా. దోమ పొట్టలో వైరస్ ఉందన్నారు. మూతిలో ఉందని ఎవరన్నారు?”

నవ్వు ఆగిపోయింది. డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. “నిజమే! దోమ వైరస్‌ని తాగిన వెంటనే ఎవరికీ అంటించలేదు. అది పొట్టలో పెరిగి, గోడ దాటి, ఒళ్ళంతా పాకి, లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. దానికి వారం పైనే పడుతుంది. అలా చేరితేనే కాటుతో పాటు వైరస్ మన ఒంట్లోకి దిగుతుంది.”

“అయితే తల చూడు తల్లీ. పొట్టలో మిగిలిన నలుసు ఏదన్నా ఉంటే అదీ చూడు. ఆ రక్తం గొర్రెదా, మనిషిదా? మనిషిదైతే ఎవరిదో ఆనవాలు దొరుకుతుందేమో కూడా చూడు.”

“ఇంకోటి కూడా చూస్తాను పిన్నీ,” అంది డాక్టరమ్మ. ఆవిడకీ హుషారు ఎక్కింది. “ఆ వైరస్ ఎవరింట్లో పుట్టిందో చూస్తాను.”

“వైరస్‌కి ఇల్లా?”

“సొంత ఇల్లు లేదు, సొంత పొయ్యీ లేదు. అంతా అద్దె బతుకే. మన కణం మీద ఒక ప్రోటీన్ ఉంటుంది, దాన్ని తలుపులా వాడుకుని లోపలికి దూరుతుంది. లోపల మన ప్రోటీన్లనే నౌకర్లని చేసుకుని పిల్లల్ని పుట్టిస్తుంది. ఆ పిల్లలు బయటికొచ్చేటప్పుడు ఆ ఇంటి పొరనే పైన కప్పుకుంటాయి, ఆ ఇంటి చక్కెరలే పూసుకుంటాయి. దోమ కణంలో పుడితే ఒక రకం పూత, మనిషి కణంలో పుడితే ఇంకో రకం.”

“ఓహో! అల్లుడిలాంటిదన్నమాట. ఉత్త చేతుల్తో వచ్చి, కూర్చుని తిని, అత్తారు పెట్టిన బట్టలు కట్టుకుని పోతుంది.”

“అచ్చం అంతే!”

“అయితే ఆ అల్లుడుగారి బట్టలు ఏ కొట్లో కొన్నవో చూసిరా. పరిగెత్తు.”

డాక్టరమ్మ నిజంగానే పరిగెత్తింది.

పెద్దసారు గది విశాలమైనదే. బల్ల, కుర్చీ, పుస్తకాల బీరువా, మూలన పాత ఫ్రిజ్. కిటికీకి దోమతెర కట్టి ఉంది, చిన్న చిరుగు కూడా లేదు. తాళం గర్వంగా ఆ తెరని తట్టి చూపించాడు.

“చూశారా? బయటి దోమ దూరే సందు లేదు. ఎవరో చేత్తో పట్టుకొచ్చి వదిలితేనే ఇక్కడ దోమ ఉంటుంది. అందుకు నేర్పు ఉన్నది మీ పిచ్చుక ఒక్కతికే.”

పిన్ని వినలేదు. ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల అన్నీ అన్నం డబ్బాలే. ఒక్కోదాని మీద ఒక్కో రంగు రబ్బరు బ్యాండు.

“పెద్దసారు ఇన్ని డబ్బాలు తింటాడా?”

గుమ్మంలో నిలబడ్డ మనిషి గొంతు సవరించుకున్నాడు. “అవి స్టాఫువండీ. పరీక్షలు చేసే ఫ్రిజ్‌ల్లో తిండి పెట్టకూడదు. అందుకని అందరం పెద్దసారు ఫ్రిజ్‌లో పెట్టుకుంటాం. మధ్యాహ్నం ఇక్కడే నిలబడి కబుర్లు చెప్పుకుంటూ తింటాం. ఆయన ఏమీ అనుకోరు.”

అతనే చిన్నసారు. పెద్దసారు తర్వాత అంతటివాడు. సన్నటి మొహం, నిద్రలేని కళ్ళు. గదిలో చల్లగానే ఉన్నా నుదుటి మీద చెమట.

పిన్ని చీర కుచ్చెళ్ళు ఎగదోపి నేల మీద చతికిలబడింది. చేతిసంచీలోంచి టార్చి తీసి ఫ్రిజ్ వెనక్కి వేసింది. వెనక అడుగున మంచు కరిగిన నీళ్ళు పడే ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుంది చూడండి, ప్రతి ఫ్రిజ్‌కీ ఉంటుంది, ఎవరూ ఏ జన్మకీ కడగరు. దాన్ని మెల్లిగా బయటికి లాగింది. పళ్ళెం నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో సన్నటి తీగముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతూ, వెలుగు పడగానే గిజగిజా కిందికి ఈదాయి.

“ఏమిటవి?” తాళం వంగి చూశాడు.

“దోమ పిల్లలు నాయనా. రెండు తలుపులు, ఫ్యానూ, తెరా పెట్టి అక్కడ కాపలా కాస్తుంటే, ఇక్కడ దొరగారి ఫ్రిజ్ కింద ఉచితంగా కాపురం పెట్టేశాయి! దీపం కింద చీకటంటే ఇదే. కిటికీ తెర వీటిని బయటే ఆపడం కాదు, లోపలే దాచింది.”

“అయితే ఏమైంది? ఏ దోమైనా దోమే. ఈ దోమలకి రోగం ఎక్కణ్ణించి వస్తుంది?” అంటూనే తాళం ఫట్‌మని తన మెడ మీద కొట్టుకున్నాడు. అరచేయి చూసుకున్నాడు. ఎర్రటి చుక్క. “చంపేశాను! చూశారా, నా చేతికి చిక్కితే తప్పించుకునే ప్రసక్తే లేదు,” అని రుమాలుతో తుడుచుకోబోయాడు.

“రుమాలు ఇటివ్వు,” అంది పిన్ని. గొంతులో హాస్యం లేదు.

“ఎందుకూ?”

“ఇవ్వమన్నానా! ఆ మెడ ముందు సబ్బుతో కడుక్కో. ఇంక ఈ గదిలోకి ఎవరూ రాకండి.”

ఆయన నసుగుతూనే రుమాలిచ్చాడు. పిన్ని దాన్ని ప్లాస్టిక్ కవర్లో ముడి వేసి, పళ్ళెంలో నీళ్ళ మీద సబ్బు నీళ్ళు కుమ్మరించి, అందర్నీ బయటికి తోలి తలుపు మూసింది. తర్వాత వరండాలో ఉన్న బెంచీ మీద చిన్నసారుని కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుంది.

“నువ్వు చేసే పనేమిటి బాబూ? నాకర్థమయ్యేట్టు చెప్పు.”

పని మాట ఎత్తగానే అతని మొహం వెలిగింది. “మందు కనిపెడుతున్నానండీ. అందరూ వైరస్‌ని చంపాలని చూస్తారు. అది రంగులు మారుస్తుంది, తప్పించుకుంటుంది. నేను వైరస్ జోలికి పోను. దానికి మన కణంలో చాకిరీ చేసే నౌకర్లున్నారు చూడండి, ఆ ప్రోటీన్లని పట్టుకుంటాను. వాటిల్లో ఒకటి మడతలు పెట్టే ప్రోటీన్. వైరస్ ముక్కలు ముద్దగా పుడతాయి, ఇది వాటిని ఇస్త్రీ బట్టల్లా సరిగ్గా మడిచిపెడితేనే పనికొస్తాయి. నా మందు దాని చేతులు కట్టేస్తుంది.”

“భేష్! ఎవరి మీదైనా పనిచేసిందా?”

“ఎలుకల మీద అద్భుతంగా పనిచేసింది.”

“మనుషుల మీద?”

“అనుమతి ఇంకా రాలేదండీ.” తల దించుకున్నాడు. “అయినా ఈ కేంద్రంలో పెద్దసారుకి తప్ప ఎవరికీ జ్వరం రాలేదు. ఒక్కరికి కూడా రాలేదు.”

పిన్ని అతన్ని తేరిపార చూసింది. అడక్కుండానే వచ్చిన జవాబు ఎప్పుడూ ఏదో ఒకదాన్ని కప్పిపెడుతుంది. ఎవరికైనా జ్వరం వచ్చిందా అని తను అడగనే లేదు!

“అంత గట్టిగా ఎలా చెప్పగలవు? రోజూ అందరికీ నుదురు పట్టుకుని చూస్తావా?”

చిన్నసారు నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు. ఈలోగా వరండా ఆ చివర నుంచి చెప్పులు టపటపలాడిస్తూ డాక్టరమ్మ వచ్చింది. ఆయాసంతో మాట ముక్కలు ముక్కలుగా పడుతోంది.

“పిన్నీ! తలలో లేదు! లాలాజల గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి. వైరస్ ఆనవాలే లేదు!”

పిన్ని దిగ్గున లేచింది. “పొట్టలో రక్తం?”

“మనిషిది. గొర్రెది కాదు. ఆ వైరస్ మీద పూత కూడా మనిషి కణాల పూతే. దోమ కణంలో పుట్టింది ఒక్కటీ లేదు!”

“విన్నావా నాయనా?” పిన్ని తాళం వైపు తిరిగింది. “ఇది పంజరంలో దోమ కాదు. పంజరం దోమైతే దాని పొట్టలో గొర్రె రక్తం ఉండాలి. ఇది పెద్దసారుకి రోగం అంటించనూ లేదు, అంటించాలంటే మూతిలో వైరస్ ఉండాలి. పాపం ఇది చచ్చేముందు ఎవర్నో కుట్టి, ఆ మనిషి నెత్తురుతో పాటు వైరస్‌ని తాగింది, అంతే. నువ్వు హంతకుడని పట్టుకొచ్చింది సాక్షిని!”

తాళంచెవుల గలగల ఆగిపోయింది. కానీ ఆయన కూడా తక్కువ తిన్నవాడు కాదు.

“ఆగండాగండి. రోగంతో ఉన్నది పెద్దసారు. ఈ దోమ ఆయన్నే కుట్టి ఆయన రక్తమే తాగి ఉండొచ్చుగా? అయితే ఆయనకి అంటించిన మొదటి దోమ పిచ్చుక వదిలిందే అయ్యుండొచ్చుగా?”

మాట సూటిగానే ఉంది. పిన్ని మెచ్చుకున్నట్టు తలాడించి డాక్టరమ్మ వైపు చూసింది.

“కాదు,” అంది డాక్టరమ్మ. గొంతు తగ్గించింది. “అది మగమనిషి రక్తం కాదు. ఆడమనిషి రక్తం.”

ఆవిడ దూది అంటించిన తన వేలు చూపించింది.

“ముందు నా రక్తమే చూసుకున్నాను పిన్నీ. సెలవులో ఉన్నాను గానీ, ఎందుకైనా మంచిదని. నాకేమీ లేదు. ఈ కేంద్రంలో నేను కాక ఇంకో ఆడమనిషి అంటే...”

ఆవిడ ఆపేసింది. చెప్పక్కర్లేదు.

“అబద్ధం!” అన్నాడు తాళం. ఎందుకో ఆయనే ముందు అన్నాడు. “ఆ పిల్లని నిన్న నేనే స్వయంగా తీసుకెళ్ళాను. పిచ్చుకలాగే కిచకిచలాడుతూ పోట్లాడింది నాతో. రోగిష్టి మనిషి అలా పోట్లాడుతుందా? జ్వరం లేదు, దగ్గు లేదు!”

పిన్ని బెంచీ మీద కూలబడింది. ఆవిడ జ్ఞాపకం పాతబట్టల పెట్టె లాంటిది. ఏది ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు గానీ, చెయ్యి పెడితే కావలసింది తగులుతుంది. కిందటి ఆదివారం పిచ్చుక ఇంటికొచ్చింది. అన్నం తినగానే సంచీలోంచి పేరులేని తెల్లమాత్రల పట్టీ తీసి ఒకటి మింగింది. ‘ఏమిటే అవి?’ అంటే ‘బలానికి పిన్నీ, ఆఫీసులో ఇచ్చారు’ అంది. అంతకు ముందు ఆదివారం కూడా మింగింది. అంతకు ముందు ఇంకోసారి, ఎండలు మండిపోతుంటే పొడుగు చేతుల జాకెట్టు వేసుకొచ్చి, ముంజేతిని రెండో చేత్తో కప్పుకుని కూర్చుంది. ‘ఏదో కుట్టిందిలే’ అని మాట మార్చింది.

“నాయనా,” అంది పిన్ని మెల్లిగా, “దాని సంచీలో ఏమేం దొరికాయి?”

“దువ్వెన, బస్సు పాసు, ఒక అద్దం, పేరులేని మాత్రల పట్టీ ఒకటి. విషమేమోనని ఆ మాత్రలు నేనే లాగేసుకుని సీలు వేశాను. ఎంత ఏడ్చినా ఇవ్వలేదు!” చెబుతూ చెబుతూ ఆయన గొంతులో గర్వం సగంలోనే చప్పబడింది.

పిన్ని చిన్నసారు వైపు తిరిగింది. ఈసారి ‘బాబూ’ అనలేదు.

“పంజరం దోమ దాన్ని ఎప్పుడు కుట్టింది? చెప్పు!”

చిన్నసారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. “కిందటి నెల. ఎర్రగుడ్డ పంజరంలో చెయ్యి పెట్టినప్పుడు గ్లౌజు చిరిగింది. ఆ రోజే పెద్దసారు వేరే పొరపాటుకి అందరి ముందూ తిట్టారు. ఇది కూడా చెబితే ఉద్యోగం పోతుందని నా దగ్గరికొచ్చి ఏడ్చింది. నా దగ్గర మందుంది... ఇచ్చాను. ‘రోజూ వేసుకో, ఎవరికీ చెప్పకు’ అన్నాను. రోజూ జ్వరం చూశాను. రాలేదు పిన్నిగారూ! ఒక్కరోజు కూడా రాలేదు! నా మందు గెలిచిందనుకున్నాను.”

“జ్వరం రాలేదని ఊరుకున్నావా? రక్తం పరీక్ష చెయ్యలేదా?” డాక్టరమ్మ దాదాపు అరిచింది.

“చేస్తే నీ దగ్గరికి రావాలి. వస్తే అందరికీ తెలుస్తుంది.”

డాక్టరమ్మ గోడకి ఆనుకుంది. “పిన్నీ, ఇప్పుడర్థమైంది. ఆ మడతలు పెట్టే ప్రోటీన్ వైరస్‌కి ఒక్కదానికే చాకిరీ చెయ్యదు. మన ఒంట్లో దొంగ దూరాడని గంట కొట్టేవాళ్ళకి కూడా అదే సాయం చేస్తుంది. ఈయన మందు వైరస్ చేతులు సగం కట్టింది, గంట నాలుక పూర్తిగా కట్టేసింది. జ్వరమంటే ఆ గంట చప్పుడే. గంట మోగలేదు కాబట్టి ఇంట్లో దొంగ లేడనుకున్నాడు! ఆ పిల్ల రక్తంలో వైరస్ అన్నాళ్ళూ నింపాదిగా తిరుగుతూనే ఉంది.”

“మధ్యాహ్నం పూట ఆ ఫ్రిజ్ పక్కన నిలబడి అన్నం తింటూ ఉంటే పిచ్చుకని కాళ్ళ దగ్గర దోమలు కుట్టాయి,” అంది పిన్ని. “వాటిలో ఒకటి వారం పైన బతికి, మూతిలో విషం నింపుకుని పెద్దసారుని కుట్టింది. ఇంకొకటి మొన్న మళ్ళీ పిచ్చుకనే కుట్టి, బల్ల మీద పడి చచ్చింది.”

తాళం చెయ్యి తెలియకుండానే మెడ మీదికి వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు.

“నా సంగతి తర్వాత,” అన్నాడాయన. “ముందు ఇది చెప్పండి. నిన్న సాయంత్రం నుంచీ మాత్రలు లేవు ఆ పిల్లకి. మానేస్తే ఏమవుతుంది?”

చిన్నసారు మొహం మీంచి చేతులు తీశాడు. పెదవులు తెల్లబడ్డాయి. “ఒక్కసారిగా మానకూడదు. ఎలుకల్లో... కట్లు రెండూ ఒకేసారి విడిపోయాయి. వైరస్ విరగబడింది, గంటలన్నీ ఒకేసారి మోగాయి. ఒళ్ళు తట్టుకోలేకపోయింది.”

“ఎలుకలు బతికాయా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

తాళం అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. “ఆ దోమల పిల్లకి ఫోనివ్వు! వెంటనే! ...ఇంకేం మాట్లాడకు, ఇవ్వు!” అని స్టేషన్లో మహిళా కానిస్టేబులు మీద అరిచి, ఫోను పిన్నికి అందించి, స్పీకరు నొక్కాడు. రెండో చేత్తో జీపు డ్రైవరుకి రమ్మని సైగ చేశాడు. జీవితంలో మొదటిసారి ఆయన తాళంచెవులు నేల మీద పడ్డాయి, ఆయన వంగి తీసుకోలేదు.

“పిన్నీ!” ఫోనులో పిచ్చుక గొంతు సన్నగా వచ్చింది. “పిన్నీ, ఒట్టు, ఆ దోమ నాది కాదు. నేనెవరికీ ఏమీ చెయ్యలేదు.”

“తెలుసు తల్లీ. తేలిపోయింది. నీ మీద కేసు లేదు. ఇన్‌స్పెక్టరుగారే చెబుతున్నారు.”

“నిజంగానా? వదిలేస్తారా? అయితే ఇంటికొచ్చేస్తాను పిన్నీ. అమ్మకి చెప్పు. ఇక్కడ ఒకటే చలి. దుప్పటి కప్పినా వణుకు ఆగట్లేదు. ఒళ్ళంతా ఎవరో రోకళ్ళతో దంచినట్టుంది.”

పిన్ని కళ్ళు మూసుకుంది. చిన్నసారు గోడ పక్కన అలాగే జారి కూర్చున్నాడు.

“పిచ్చుకా, నా మాట విను. మేం వస్తున్నాం, డాక్టరమ్మ కూడా వస్తోంది. ఇంటికి కాదు, ఆస్పత్రికి తీసుకెళ్తాం. అప్పటిదాకా దుప్పటి నిండా కప్పుకో. చెయ్యీ కాలూ బయట పెట్టకు. కిటికీ మూయమని చెప్పు.”

“కిటికీకి తలుపే లేదు పిన్నీ, ఊచలే. నేనొక్కదాన్నే కాదు, ఇంకా ముగ్గురున్నారు ఇక్కడ. ఒకావిడ కడుపుతో ఉంది పాపం. ఆవిడే నా తల ఒళ్ళో పెట్టుకుంది. పిన్నీ, ఎందుకలా మాట్లాడుతున్నావు? ఆ దోమ నాది కాదని తేలిందన్నావుగా?”

“దోమ నీది కాదమ్మా,” అంది పిన్ని. “దాని కడుపులో రక్తం నీది.”

అవతల, ఆ పిల్ల పక్కనే, ఎవరో ఫట్‌మని దోమని కొట్టుకున్న చప్పుడు వినిపించింది.